‘షేవ్‌కు సిద్ధం’ అన్న మాట నమ్మాను: ఎస్కిల్స్‌టూనా కత్తులతో నా ఎనిమిది నెలలు

మొదటి మంగలి కత్తి నా చేతికి వచ్చింది 2023 ఆగస్టు 19న. ఆ కత్తితోనే, మెడ మీద ఒక్క గాటు గానీ మంట గానీ లేకుండా గడ్డం మొత్తం గీసుకోగలిగింది 2024 ఏప్రిల్ 14న. గీయడం నేర్చుకోవడానికి ఇందులో మహా అయితే ఆరు వారాలు పట్టింది. మిగతా కాలమంతా పదును అంటే ఏమిటో తెలుసుకోవడానికే సరిపోయింది. మొదలుపెట్టే ముందు ఈ మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే రాస్తున్నాను.

మేం ఉండేది స్వీడన్‌లోని వెస్టెరోస్‌లో. నా గడ్డం గరుకు. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌తో గీసుకున్న రెండో రోజుకల్లా మెడ మీద వెంట్రుకలు చర్మం లోపలికే తిరిగి పెరిగి ఎర్రటి పొక్కులు లేచేవి. నెలనెలా కార్ట్రిడ్జ్‌లకు సుమారు 150 క్రోనాలు, పైన పొక్కులకు క్రీము. (నేను లెక్క వేసుకున్నది క్రోనాకు 8 రూపాయల చొప్పున.) ఒకే అంచు ఉన్న కత్తితో ఈ బాధ తగ్గుతుందని చాలామంది చెబితే విన్నాను గానీ, నా అంతట నేను వెతుక్కుంటూ వెళ్లలేదు. ఆ కత్తే నాకు ఎదురొచ్చింది.

ఇక్కడ వేసవిలో వారాంతాల్లో పాత సామాన్ల సంతలు జరుగుతాయి, లోప్పిస్ అంటారు. ఆ శనివారం మా పాపకు సైకిల్ కోసం వెళ్లాం. ఒక పెద్దాయన బల్ల మీద, తుప్పు పట్టిన ఫోర్కుల డబ్బాలో, నల్ల పిడి ఉన్న మడత కత్తి కనిపించింది. విప్పి చూస్తే కత్తి మెడ దగ్గర, అంటే పిడిలో కలిసే చోట, సి.వి. హెలియెస్ట్రాండ్, ఎస్కిల్స్‌టూనా అని ముద్ర. ఎస్కిల్స్‌టూనా మా ఊరికి రైల్లో గంట లోపు దూరం. అక్కడ కత్తెరలూ కత్తులూ చేసేవాళ్లని తెలుసు గానీ మంగలి కత్తులు కూడా చేశారని అప్పటిదాకా తెలియదు. స్వీడిష్‌లో దీన్ని రాక్‌క్నీవ్ అంటారు. ధర 150 క్రోనాలు. వాళ్ల నాన్నగారిదట. ఫోన్‌లో స్విష్ (ఇక్కడి చెల్లింపుల యాప్) చేసి తీసుకున్నాను.

ఇంటికి తెచ్చేదాకా ఒక సంగతి తట్టలేదు. ఈ దేశంలో సరైన కారణం లేకుండా బహిరంగ స్థలాల్లో కత్తి దగ్గర ఉంచుకోవడం నేరం, 1988 నుంచి చట్టం ఉంది. కొన్న వస్తువును ఇంటికి తీసుకెళ్లడం వేరే విషయమే అయినా, ఆ తర్వాత ఎప్పుడు కొన్నా గట్టి అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, సంచి అడుగున పెట్టుకునే వచ్చాను. మా ఆవిడకు మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే టెన్షన్, పాప. ఆరేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో ఇలాంటి కత్తి పెట్టడం చిన్న విషయం కాదు. తాళం ఉన్న ఇనప పెట్టె ఒకటి ఇంట్లో ఉంటే అది ఖాళీ చేశాను. ఈ రోజుకీ కత్తులన్నీ అందులోనే ఉంటాయి.

శుభ్రం చేయడానికి మూడు వారాంతాలు పట్టింది. నీళ్లలో తడిపిన 1000, 2000 నంబరు ఎమెరీ కాగితం, ఆ తర్వాత లోహానికి వాడే పాలిష్ పేస్టు. మోటారు మీద తిరిగే చక్రాలు వాడవద్దని చదివాను. పలుచటి అంచు వేడెక్కితే ఉక్కు మెత్తబడిపోతుంది, ఇక ఎంత నూరినా పదును నిలవదు. చేత్తోనే రుద్దాను. కత్తి వీపు (వాదరకు ఎదుటి మందపాటి వైపు) మీద తుప్పు పోయింది, ముద్ర స్పష్టంగా తేలింది. చాలా సంతోషం వేసింది. అప్పుడు 120 క్రోనాలు పెట్టి పదింతలు పెద్దగా చూపించే భూతద్దం కొని వాదర మీద పెట్టి చూశాను. మామూలు కంటికి తిన్నగా కనిపించిన అంచులో, కొనకు రెండు అంగుళాల ఇవతల, సగం కొబ్బరి చిప్ప ఆకారంలో ఒక ముక్క ఎగిరిపోయి ఉంది. పక్కనే ఇంకా చిన్నవి రెండు. దాన్ని పక్కన పెట్టేశాను.

ఓపిక లేక రెండో కత్తి ఆన్‌లైన్ వేలంలో పాడుకున్నాను. ఇదీ ఎస్కిల్స్‌టూనాదే. ఈ.ఏ. బెర్గ్ వాళ్లది, సొరచేప ముద్ర ఉంటుంది. అమ్మే వ్యక్తి ‘షేవ్‌కు సిద్ధం’ అని రాశాడు. 420 క్రోనాలు, పోస్టేజీ 65. నాలుగు రోజుల్లో వచ్చింది.

సెప్టెంబర్ 30, శనివారం ఉదయం. వేడి నీళ్ల తువ్వాలు ముఖానికి అద్దుకుని, బ్రష్‌తో నురగ పట్టించి, చదివిందంతా గుర్తు చేసుకుంటూ కుడి చెంప మీద పెట్టాను. కోయలేదు, పీకింది. ఒక్కొక్క వెంట్రుకనూ కుదురుతో సహా లాగుతున్నట్టు ఉంది. నా చేతిలోనే లోపం ఉందనుకుని వాలు కొంచెం పెంచాను. చెవి కింద దవడ ఎముక మలుపు దగ్గర గాటు పడింది. నొప్పి తెలియలేదు, నురగలో ఎర్రగా కనిపించాక తెలిసింది. ఊరి నుంచి తెచ్చుకున్న పటిక ముక్క రుద్దితే ఆగింది. ఆ రోజు అద్దం ముందు నిలబడి, ఇది మన వల్ల అయ్యే పని కాదు, సోమవారమే అమ్మేద్దాం అనుకున్నాను.

అసలు తప్పు ఎక్కడుందో తేలింది రెండు వారాల తర్వాత. ఈ కత్తులు నూరడం అలవాటుగా చేసే ఒక పెద్దాయన వేరే ఊర్లో ఉన్నారని తెలిసి, ఫోన్ చేసి, అక్టోబర్ 2న పోస్టులో పంపాను. నూరినందుకు 250 క్రోనాలు, రానుపోను పోస్టేజీకి 70 అయింది. 11 రోజులకు తిరిగొచ్చింది. పెట్టెలో చిన్న చీటీ: ఇది వచ్చినప్పుడు షేవ్ చేసే స్థితిలో లేదు, వంటింటి చాకు పదును మాత్రమే ఉంది, మూడు నెలల పాటు దీన్ని రాయి మీద పెట్టవద్దు, తోలు పట్టీ మీద రుద్దుకుంటే చాలు.

అక్టోబర్ 14న మళ్లీ చెంప మీద పెట్టాను. ఏమీ జరగడం లేదనిపించింది. లాగుడు లేదు, బరువు లేదు. కత్తి తీసి చూస్తే నురగలో నల్లటి చుక్కలు, చెంప మీద నున్నటి దారి. సన్నగా, పొడి ఇసుక జారినట్టు చప్పుడు. అదే కత్తి, అదే చెయ్యి. రెండు వారాల కింద నన్ను నేను అన్నేసి మాటలు అనుకోవాల్సిన పని లేదని ఆ నిమిషంలో అర్థమైంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మొదటి కత్తిని నమ్మకమైన చేత్తో నూరించుకోండి, డబ్బు దండగ అనుకోవద్దు. పదునైన కత్తి చర్మం మీద ఎలా నడుస్తుందో ఒక్కసారి తెలిస్తేనే, మొద్దు కత్తిని మొద్దు కత్తి అని గుర్తుపట్టగలం.

గీయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మొదటి వారం చెంపలు మాత్రమే, మిగతాది పాత పద్ధతిలో. రెండో వారం దవడ, తర్వాత మెడ, గడ్డం కింద గుంట, అన్నిటికన్నా చివర పై పెదవి. వాలు సుమారు 30 డిగ్రీలు. రెండో చేత్తో చర్మం బిగించి పట్టుకోవాలి. నురగతో వేళ్లు జారుతాయి కాబట్టి పొడి తువ్వాలు భుజం మీద వేసుకోవాలి. ఎడమ చెంపకు ఎడమ చెయ్యే వాడాలి, భయంగానే ఉంటుంది, పది రోజుల్లో అలవాటవుతుంది.

కానీ నవంబర్ మొదటి వారానికి కత్తి మళ్లీ పీకడం మొదలుపెట్టింది. 600 క్రోనాల తోలు పట్టీ కొని, షేవ్‌కు ముందు రోజూ అరవై సార్లు రుద్దుతున్నాను. రుద్దేకొద్దీ పదును పెరగాలి గదా, తగ్గుతోందేమిటి?

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకు చిన్నప్పటి నుంచీ గడ్డం గీసే బాబాయ్ ఒకాయన ఉన్నారు. డెబ్భై దాటాయి. ఇప్పుడు దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు. నాన్నతో మాటల్లో ఈ సంగతి చెబితే, నవంబర్ 5న, ఆదివారం, ఆయన్ను ఇంటికి పిలిపించి వీడియో కాల్‌లో కూర్చోబెట్టాడు.

“ఏం చేస్తున్నావో ఒకసారి చూపించు బాబూ,” అన్నారు.

పట్టీ స్నానాల గది తలుపు పిడికి తగిలించి రుద్ది చూపించాను. నాలుగు సార్లు రుద్దానో లేదో ఆపమన్నారు.

“తోలు అట్లా ఉయ్యాల ఊగితే ఎట్లా? లాగి పట్టుకో. ఇంకా బిగువుగా. ఆ... నొక్కమాక, కత్తి బరువు చాలు. తిప్పేటప్పుడు వీపు మీద తిప్పాలి. నువ్వు వాదర మీద తిప్పుతున్నావు. అట్లా తిప్పితే రాయి మీద చేసిన పనంతా ఒక్క దెబ్బకి పోద్ది.”

“చాలా నెమ్మదిగానే తిప్పుతున్నా బాబాయ్.”

“నెమ్మదిగా తప్పు చేసినా తప్పే బాబూ. చప్పుడు విను. రెండు వైపులా ఒకే చప్పుడు రావాల.”

ఫోన్ నేల మీద పెట్టి, కళ్లు మూసుకుని రుద్దాను. నిజంగానే ముందుకు వెళ్లేటప్పుడు ‘సుయ్’ మంటోంది, వెనక్కి వచ్చేటప్పుడు ‘టక్’ మని మొదలవుతోంది. ఆ ‘టక్’ దగ్గరే వాదర తోలులో గుచ్చుకుని అంచు మడతపడుతోంది. పట్టీ మీద చూస్తే ఆ చివర సన్నటి గాట్లు కూడా ఉన్నాయి. అన్ని రోజులూ కంటి ముందే ఉన్నా చూడలేదు. ఆయన తన పొదిలో ఉన్న పాత కత్తి తీసి, పట్టీ లేకుండా తన అరచేతి మీదే పది సార్లు రుద్ది చూపించారు. రెండు వైపులా ఒకటే చప్పుడు. దుకాణంలో అది వాడి చాలా ఏళ్లయిందట. ఎయిడ్స్ భయం వచ్చాక మనిషి మనిషికీ బ్లేడు మార్చే కత్తులే. అయినా నెలకోసారి నూనె రాసి దాచుకుంటున్నారు. ఆ కాల్ పెట్టేశాక కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఇక రాళ్లు. అసలు ఖర్చు ఇక్కడే. 1000, 3000, 8000, 12000 నంబర్ల రాళ్లు (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన), వాటిని చదును చేసే వజ్రపు పలక కలిపి 2,100 క్రోనాలు అయ్యాయి. చదును పలక గురించి ముందు ఎవరూ చెప్పలేదు. కొత్త రాయి కూడా తిన్నగా ఉండదు. పెన్సిలుతో గళ్లు గీసి పలక మీద రుద్దితే, నాలుగు మూలల గీతలు పోయి మధ్యలోవి అలాగే మిగిలాయి. గుంట ఉన్న రాయి మీద ఎంత నూరినా వృథా.

నవంబర్ మధ్యలో హెలియెస్ట్రాండ్ మళ్లీ బయటికి తీశాను. దాని ఉక్కు చాలా గట్టిదని పేరు, నాకూ అదే అనుభవమైంది. ఎగిరిపోయిన ముక్క దాటి కొత్త అంచు రావడానికే నాలుగు సాయంత్రాలు 1000 రాయి మీద గడిచాయి. ఇక్కడ ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. పాప పడుకున్నాక వంటింట్లో దీపం కింద కూర్చునేవాణ్ణి. ఈ కత్తికి వాలు మనం పట్టక్కర్లేదు. వీపూ వాదరా రెండూ రాయికి ఆనితే వాలు దానంతట అదే వస్తుంది, చేసినవాళ్లు అలా కొలిచి చేశారు. అందుకే వీపు అరగకుండా కరెంటు వైర్లకు చుట్టే టేపు ఒక పొర అంటించి నూరాలి, రాయి మారినప్పుడల్లా కొత్త టేపు.

12000 దాకా వెళ్లి షేవ్ చేస్తే మధ్య భాగం బ్రహ్మాండంగా కోసింది, కొన మాత్రం పీకింది. మళ్లీ 1000 నుంచి మొదలు. మళ్లీ అంతే. డిసెంబర్ అంతా ఇదే వరస. మూడోసారికి మార్కర్ పెన్ను ఉపాయం పట్టుకున్నాను. అంచుకు రెండు వైపులా నల్ల సిరా పూసి, రాయి మీద నాలుగు సార్లు మాత్రమే నడిపి, భూతద్దంతో చూశాను. మధ్యలో సిరా పూర్తిగా పోయి ఉక్కు మెరుస్తోంది. కొన వైపు చివరి అర అంగుళంలో మాత్రం సన్నటి నల్ల గీత చెక్కుచెదరలేదు. అంటే ఇన్ని వారాలుగా ఆ అర అంగుళం రాయిని తాకనేలేదు! పాత కత్తి కదా, ఏళ్ల తరబడి అరిగి అంచు కొంచెం వంపు తిరిగింది, నవ్వే పెదవిలా. తిన్నటి రాయి మీద తిన్నగా నడిపితే వంపు చివర్లు గాల్లోనే ఉంటాయి. నడుపుతూ చివర్లో మణికట్టు కొద్దిగా ఎత్తి కొన వైపుకి దొర్లించాలి. అది చేతికి రావడానికి జనవరి నెలాఖరు అయింది.

ఈ మధ్యలో ఇంకో రెండు కత్తులు చేరాయి. ఒకటి ఎంగ్‌స్ట్రోమ్, 300 క్రోనాలు. దీని వీపు వేరు, కోసే పలక వేరు. పలుచటి రేకు లాంటి ఉక్కును లావుపాటి వీపులో బిగించి ఉంటుంది. మీద 1874 అని ముద్ర ఉంటే అది తయారైన సంవత్సరమనుకుని పొంగిపోయాను, కానీ ఆ కంపెనీ కత్తుల మీద అది మామూలుగా ఉండే ముద్రేనట. అంచు పలుచన కాబట్టి రాయి మీద త్వరగా లొంగింది. నూరడం నేర్చుకునేవాళ్లు గట్టి హెలియెస్ట్రాండ్‌తో కన్నా దీనితో మొదలుపెడితే మేలని నా అభిప్రాయం.

రెండోది 200 క్రోనాలకు వచ్చిన, తేనె రంగు పిడి కత్తి. అందంగా ఉందని పిడి చూసే కొన్నాను. జనవరి 20న ఇనప పెట్టె తెరిస్తే ముక్కుకు ఘాటుగా, కర్పూరమూ వెనిగరూ కలిసినట్టు వాసన. ఆ పిడి సెల్యులాయిడ్. పాతబడి కుళ్లడం మొదలైతే దాన్నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, పక్కనున్న ఉక్కును తినేస్తుంది. దాని వాదర మీద ఆవగింజలంత గుంటలు పడ్డాయి, ఇక నూరినా పనికిరాదు. పక్కనే ఉన్న బెర్గ్ వీపు మీద గోధుమ రంగు మచ్చలు. నేను మొదట కోసుకున్న కత్తి, నాకు మొదటి మంచి షేవ్ ఇచ్చిన కత్తి కూడా అదే. మచ్చలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. పాలిష్‌తో చాలా వరకు పోయాయి, రెండు మిగిలాయి. సెల్యులాయిడ్ పిడి ఉన్న కత్తిని మూతపెట్టెలో, ఇంకో కత్తి పక్కన ఎప్పుడూ పెట్టవద్దు. ఏనుగు దంతం పిడి ఉన్నవీ వేలాల్లో కనిపిస్తాయి, వాటి జోలికి నేను వెళ్లలేదు. ఐరోపా సమాఖ్య 2022 నుంచి దంతం అమ్మకాలకు నిబంధనలు బిగించింది, సరిహద్దు దాటిస్తే ఇంకా చిక్కు.

మార్చి 30న ముగ్గురం రైలెక్కి ఎస్కిల్స్‌టూనా వెళ్లాం. 1650లలో, పదో కార్ల్ గుస్తావ్ రాజు కాలంలో, రాడెమాకర్ అనే వ్యాపారి కట్టించిన కొలిమి ఇళ్లు కొన్ని ఇప్పటికీ ఊరి మధ్యలో ఉన్నాయి. ఎర్ర రంగు చెక్క ఇళ్లు, తక్కువ ఎత్తు తలుపులు. నేను కొన్న కత్తులు వీటిలో చేసినవి కావు, అవి ఆ తర్వాతి కాలపు కర్మాగారాలవి. అయినా ఒక గడప మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఉప్‌సాలా వైపున్న డన్నెమోరా గని ఖనిజంలో ఉక్కును పెళుసు చేసే భాస్వరం చాలా తక్కువ, ఆ ఇనుమును ఇంగ్లాండ్‌లో కత్తులకు పేరుపడ్డ షెఫీల్డ్ వాళ్లే ఇక్కడి నుంచి తెప్పించుకునేవారు. ఇక్కడి ఉక్కు గట్టిదనం నాలుగు సాయంత్రాలు నా భుజాలకు తెలిసొచ్చింది కాబట్టి, ఈ సంగతి నాకు పుస్తకంలో మాటలా అనిపించలేదు. పాపకు చలేస్తోందంటే ఒక కాఫీ తాగి తిరిగొచ్చేశాం.

ఏప్రిల్ 14, ఆదివారం. ముందు రోజు రాత్రి హెలియెస్ట్రాండ్‌ను 12000 మీద ఆఖరి సారి నడిపి, గుడ్డ మీద ఇరవై, తోలు మీద అరవై రుద్దాను. మా ఆవిడ తల వెంట్రుక ఒకటి అడిగి తీసుకుని పైనుంచి వాదర మీదికి వదిలితే, తాకిన చోటే రెండు ముక్కలై పడింది. వాదర మడమ (పిడి వైపు చివర) నుంచి కొన దాకా ఐదు చోట్ల అలాగే. ఉదయం మొదట వెంట్రుక పెరిగే వైపుగా, మళ్లీ నురగ పట్టించి ఎదురుగా గీశాను. పటిక రుద్దితే ఎక్కడా చురుక్కుమనలేదు. మూడో రోజు కూడా మెడ మీద పొక్కు లేవలేదు. నాన్నకు ఫోటో పంపితే ఆయన బాబాయ్‌కి చూపించాడట. “చెవి ముందు ఎక్కువ పైకి తీశాడు, రెండు వైపులా సమంగా లేదు,” అన్నారట.

ఇప్పటిదాకా సబ్బు, బ్రష్‌లకు పెట్టిన 350తో కలిపి 4,625 క్రోనాలయ్యాయి, అంటే సుమారు 37,000 రూపాయలు. కార్ట్రిడ్జ్‌ల లెక్కన రెండున్నరేళ్ల ఖర్చు. పొదుపు కోసం ఎవరైనా ఇందులోకి వస్తానంటే నేను వద్దనే చెబుతాను. షేవ్‌కు పది నిమిషాలు పట్టేది ఇప్పుడు అరగంట పడుతోంది, అందుకే వారంలో మూడు రోజులే. అయ్యాక కత్తిని టిష్యూతో తుడిచి, గుడ్డ మీద పది సార్లు రుద్ది, పలుచగా నూనె రాసి, తడి ఉండే స్నానాల గదిలో వదలకుండా పెట్టెలో పెడతాను. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు అందులో నాలుగు వేశాను.

జూన్‌లో ఊరెళ్తున్నాం. చేతి సామానులో కత్తి ఎక్కనివ్వరు, కాబట్టి ఎంగ్‌స్ట్రోమ్‌ను అట్టలో చుట్టి చెక్‌ఇన్ పెట్టెలో పెడుతున్నాను. తోలు పట్టీ తీసుకెళ్లడం లేదు. అరచేతి మీద రుద్దడం ఎలాగో బాబాయ్ దగ్గర కూర్చుని చూడాలి.